త్రాసులో కూర్చున్న వైద్యుడు సాంటోరియో

తులాభారము మన దేశమునకు క్రొత్త కాదు. సత్యభామ తన నగలన్నియు తెచ్చి తట్టలో పోసి శ్రీకృష్ణుని తూచబోయి భంగపడిన కథ యెరుగని తెలుగు ముంగిలి లేదు. విజయనగర ప్రభువులు తులాపురుష దానములు చేసి శాసనములు వ్రాయించిరి. తిరుమలలో నేటికిని బిడ్డ యెత్తు బెల్లమో, కలకండయో, నాణెములో తూచి మ్రొక్కు చెల్లించుకొను తలిదండ్రులు కలరు. ఐనను ఈ తూనికలన్నింట లెక్కకు వచ్చునది దానద్రవ్యమే కాని మనుష్యుడు కాడు. ఉదయమున త్రాసెక్కిన మనుష్యుడే సాయంకాలమున మరల ఎక్కినచో అదే బరువు తూగునా, తూగనిచో ఆ భేదము ఎటు పోయినది అను ప్రశ్న ఆ తట్టల చుట్టు నిలిచినవారి కెవ్వరికిని తోచినట్లు కానరాదు. ఆ ప్రశ్న వేసికొని, జవాబునకై పెక్కేండ్లు త్రాసుననే భుజించి త్రాసుననే పనిచేసిన వైద్యుడొకడు ఇటలీ దేశమున నుండెను. గెలీలియో గెలీలీ వలెనే ఆయనకును ఇంటిపేరే పెట్టుపేరైనది. సాంటోరియో సాంటోరియో అని పిలిచిరి. లాటిను గ్రంథములలో ఆయన సాంక్టోరియస్.

ఇంటింట తూనికయంత్రము వెలసిన ఈ కాలమున ఆయనను తలచుకొనుటకు ప్రత్యేకమగు కారణము కలదు. కెలోరీలు లెక్కవ్రాసికొని ముద్ద ముద్దకు వెరచి తినువారు నేడు వేలకు వేలు. నిన్నటికంటె నేడు ముప్పాతిక కిలో హెచ్చినదని ఒకరు దిగులుపడుదురు. లెక్క తప్పకుండ తినుచున్నను మూడు వారములుగా అంకె కదలలేదని మరియొకరు భోజనమే మానుదురు. ఈ చిక్కులన్నియు నాలుగు వందల సంవత్సరములకు పూర్వమే ఒక మనుష్యునకు ఎదురైనవి. ఆయన దిగులుపడలేదు, వ్రాసికొనెను.

సాంటోరియో 1561 మార్చి 29వ తేదీన కాపోదిస్త్రియా పట్టణమున జన్మించెను. ఆడ్రియాటిక్ సముద్రతీరమందలి యీ ఊరు ఆనాడు వెనిస్ గణరాజ్యమునకు లోబడినది. నేడు కోపర్ అను పేర స్లొవేనియా దేశమున నున్నది. తండ్రి ఆంటోనియో వెనిస్ ప్రభుత్వపు ఆయుధశాలలలో ఉన్నతోద్యోగి. తల్లి ఆ ప్రాంతపు కులీన కుటుంబమునకు చెందిన ఆస్తిపరురాలు. ఫిరంగులును మందుగుండును లెక్కవ్రాయించు తండ్రి కడుపున పుట్టినవానికి కొలత యెడల మక్కువ కలుగుట వింత కాదు గాని, ఇట్టి ఊహలకు మితముండవలెను. బాలుడు కొంతకాలము వెనిస్ నగరమున మొరొసీనీ ప్రభువుల బిడ్డలతో కలిసి చదివెను. పిమ్మట పాదువా విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును, వైద్యమును అభ్యసించి 1582లో పట్టము పొందెను.

ఆ తరువాతి కాలమును గూర్చి పూర్వపు చరిత్రకారులు ఒక అందమైన కథ వ్రాసిరి. సాంటోరియో పోలండు రాజునకు ఆస్థాన వైద్యుడై పదునాలుగేండ్లు ఆ దేశమున నుండెనని వారి మాట. ఆ కథకు ఆధారములు చాలవని నేటి విద్వాంసుల యభిప్రాయము. 1587 మొదలు సుమారు పండ్రెండేండ్లు ఆయన క్రొయేషియా ప్రాంతమున ఒక ప్రభువు కొలువున వైద్యుడుగా నుండినట్లు తెలియుచున్నది. గాలి వేగమును, నీటి ప్రవాహ వేగమును కొలుచు పరికరములను ఆయన పరీక్షించినది ఆ సముద్రతీరముననే. రోగి నాడి పట్టుకొనవలసిన వైద్యునకు గాలితో పనియేమి అని అడుగరాదు. కొలుచుటకు వీలైన దేనిని చూచినను ఆయన చేతులు ఊరకుండెడివి కావు.

1599 ప్రాంతమున వెనిస్ చేరి వైద్యవృత్తిలో స్థిరపడెను. ఆ నగరమున మొరొసీనీ ప్రభువుల భవనమందు పండితులు చేరి శాస్త్రచర్చలు జరుపుచుండెడివారు. క్రైస్తవ సన్న్యాసియు మహాపండితుడు నగు పావొలో సార్పి, పాదువాలో గణితోపాధ్యాయుడుగా నున్న గెలీలియో ఆ గోష్ఠికి వచ్చెడివారు. సాంటోరియో వారికి మిత్రుడయ్యెను. రోమునందలి పోపునకును వెనిస్ గణరాజ్యమునకును గొప్ప వైరము నడచిన కాలమది. వెనిస్ పక్షమున కలము పట్టిన సార్పిని 1607 అక్టోబరులో హంతకులు వీథిలో కత్తులతో పొడిచిరి. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో శరీరశాస్త్రవేత్త ఫాబ్రీషియస్ ఒకడు, సాంటోరియో మరియొకడు. సార్పి బ్రతికెను.

వైద్యులు చేయు పొరపాట్లను తప్పించు మార్గములను గూర్చి సాంటోరియో వ్రాసిన పెద్ద గ్రంథము 1602లో వెలువడెను. అందు నాడిని కొలుచు ఉపకరణమొకటి ప్రస్తావింపబడినది. దారమునకు సీసపు గుండును కట్టి ఊపుదురు. రోగి నాడియు గుండు ఊపును ఏకమగువరకు దారమును పొడిగింతురు, లేదా కురుచ చేయుదురు. అప్పుడు దారము పొడవెంతయో చూచి వ్రాసికొందురు. నిమిషమునకు ఇన్నిమారులు అని చెప్పుటకు నమ్మదగిన గడియారము లేని రోజులవి. ఐనను నిన్నటి నాడికి నేటి నాడికి భేదమెంతయో అంకెలో చెప్పవచ్చును. లోలకపు సూత్రమును మొదట కనుగొన్నది గెలీలియోయా, దానిని రోగి మంచము కడకు తెచ్చినది సాంటోరియోయా అను తగవు పండితులలో చిరకాలము నడచినది. సన్నని గాజుగొట్టము కొనయందలి బుడ్డిని రోగి చేతనో నోటనో ఉంచి ఉష్ణమును చూచు పరికరమును గూర్చి ఆయన 1612లో ప్రకటించెను. మంచు తాకించినప్పుడు నీరు నిలుచు చోటును, దీపజ్వాల కడ నిలుచు చోటును గుర్తించి ఆ నడుమ భాగములు చేసెను. జ్వరమునకు గీతలు గీచిన మొదటివారిలో ఈయన ఒకడు.

గెలీలియో 1610లో పాదువా విడిచి ఫ్లారెన్సు వెడలెను. మరు సంవత్సరము, 1611లో, సాంటోరియో అదే పాదువాలో వైద్యశాస్త్రాచార్యుడయ్యెను. గేలెన్, అవిసెన్నా మొదలగు ప్రాచీనుల గ్రంథములకు వ్యాఖ్య చెప్పుట ఆ పీఠము ధర్మము. మన సంస్కృత పాఠశాలలలో సూత్రమునకు భాష్యము చెప్పినట్లే. ప్రాచీనులను ఆయన త్రోసిపుచ్చలేదు. వారి మాటనే పట్టుకొని, అది ఎంత యని అడిగెను. ఆయన క్రొత్తదనమంతయు ఆ చిన్న ప్రశ్నలో నున్నది.

చెమటగా కంటికి కనబడకయే దేహమునుండి సూక్ష్మమగు ఆవిరి ఎల్లప్పుడు వెలువడుచుండునని గేలెన్ చెప్పియుండెను. అది అడ్డుపడినచో రోగములు పుట్టునని వైద్యులందరి నమ్మకము. క్రీస్తునకు పూర్వమే ఎరాసిస్ట్రాటస్ అను గ్రీకు వైద్యుడు పక్షులను పాత్రలో మూసియుంచి, ఆహారమియ్యక, వాటిని వాటి రెట్టతో సహా మరల తూచి, బరువు తగ్గినదని చూపెను. 1450లో కూసా నికొలాస్ అను మతాచార్యుడు త్రాసుతో రోగములను పరీక్షింపవచ్చునని వ్రాసెను. ఈ ఊహలన్నియు ఒకటి రెండు దినముల పరీక్షలుగనో కాగితపు మాటలుగనో నిలిచిపోయినవి. పాదువా ప్రాంతముననే మరియొక ముచ్చట నడచెను. లుయీజీ కొర్నారో అను ప్రభువు యౌవనమున తిండికిని మద్యమునకును లోబడి ఆరోగ్యము చెడగొట్టుకొని, పిమ్మట రోజునకు పండ్రెండు ఔన్సుల ఆహారము, పదునాలుగు ఔన్సుల ద్రాక్షరసముతో సరిపెట్టుకొని పండువృద్ధుడై 1566లో గతించెను. బంధువుల బలవంతమున ఒకమారు రెండేసి ఔన్సులు హెచ్చించి జబ్బుపడితినని తానే వ్రాసికొనెను. ఆయన తూచినది కంచమును. కంచము వెనుక కూర్చున్న మనుష్యుని తూచినవాడు సాంటోరియో.

ఆయన చేయించిన కుర్చీ చిత్రము 1625లో అచ్చుపడిన అవిసెన్నా వ్యాఖ్యానమున నున్నది. పైకప్పునుండి పెద్ద తూనికకోల వ్రేలాడుచుండును. రెండు తట్టల త్రాసు కాదది. పూర్వము మన సంతలలో మిరపకాయలు తూచిన కోల వంటిది. ఒక కొనకు వస్తువు, పొడుగాటి చేతిమీద జరుపుటకు గుండు. ఆ వస్తువు స్థానమున నాలుగు త్రాళ్లతో కుర్చీ వ్రేలాడును. ఎదుట నేలమీద భోజనపు బల్ల. గుండును ముందుగ ఒకచోట నిలిపి భోజనమునకు కూర్చుండవలెను. నియమించుకొన్నంత తినగానే కుర్చీ కొంచెము క్రిందికి దిగును. కంచము అందకపోవును. ఇక చాలునని చెప్పుటకు వేరొక వైద్యుడక్కరలేదు. ఉదరమున రెండు భాగములు అన్నమునకు, ఒకటి నీటికి విడిచి నాలుగవ భాగమును వాయువునకై ఖాళీగా నుంచుమని మన వాగ్భటుడు చెప్పెను. ఆ నాలుగవ భాగము ఎక్కడ మొదలగునో తినువాని వివేకమునకే విడిచెను. సాంటోరియో దానిని ఇనుపకోలకు అప్పగించెను. ఇటీవలి సంవత్సరములలో బెర్లిను నగర పరిశోధకులు ఈ కుర్చీని మరల నిర్మించి చూచిరి. చిత్రము తేలిక, పని కష్టము అని అట్టి ప్రయత్నమే తెలుపును.

భోజనమునకు ముందు, తరువాత. నిద్రకు ముందు, మేలుకొన్న పిదప. శ్రమకు ముందు, విశ్రాంతికి పిదప. తినినది, త్రాగినది తూచెను. మలమూత్రములు తూచెను. ముప్పదేండ్లు ఇట్లు జరిగెనని లోకమున ప్రతీతి. ఈ శ్రమ ఫలముగ 1614లో వెనిస్ నగరమున తూనిక వైద్యమను అర్థమిచ్చు పేరుతో చిన్న లాటిను గ్రంథము వెలువడెను. హిపోక్రటీసు ననుసరించి చిన్న చిన్న సూత్రములుగ వ్రాసెను. దేహము విడుచు ఆవిరిని గూర్చి మొదట, పిమ్మట గాలి నీళ్లు, అన్నపానములు, నిద్ర మెలకువలు, వ్యాయామ విశ్రాంతులు, దాంపత్యము, కట్టకడపట మనోవికారములు. సంతోషమును కోపమును దేహమును తేలిక పరచుననియు, భయమును దుఃఖమును బరువు పరచుననియు ఆయన తీర్మానించెను. ఈ కడపటి దానిని కవులు మెచ్చవచ్చును. శరీరశాస్త్రమున నది నిలువలేదు.

ఆ గ్రంథమునకు మూలస్తంభమైన సూత్రమొకటి కలదు. ఒక దినమున ఎనిమిది పౌనుల అన్నపానములు పుచ్చుకొన్నచో అందు సుమారైదు పౌనులు కంటికి కానరాని స్వేదముగా పోవునని ఆయన లెక్క. ఆనాటి వెనిస్ పౌను మన అరకిలోకు లోబడినదే. ఐనను ఈ లెక్క చదివి ఐరోపా వైద్యలోకము నివ్వెరపోయెను. మలమూత్రములు రెండును కలిసి మూడు పౌనులు. మిగిలిన ఐదును కంటికి కానరాక గాలిలో కలియుచున్నవి. ఇంత పెద్ద ఖర్చు లెక్కకు రాకుండ ఇన్ని వేలయేండ్లు వైద్యము నడచెనా అని చదివినవారు ఆశ్చర్యపడిరి.

ఆ ఐదు పౌనులలో ఆయన పొరపాటును కలదు. కనబడని వ్యయమంతయు చర్మరంధ్రముల ద్వారా పోవు మలినపదార్థమని ఆయన తలచెను. ఊపిరిలో పోవు నీటి ఆవిరియు కలదని ఎరుగును గాని, ఊపిరి వాయువులకే బరువు కలదని ఆ కాలమున ఎవ్వరికిని తెలియదు. నేటి లెక్క వేరు. సమశీతోష్ణ దేశమున విశ్రాంతిగా నున్న మనుష్యుడు చర్మము నుండియు ఊపిరితిత్తుల నుండియు రోజునకు సుమారు 800 గ్రాముల నీటిని చెమట పట్టకయే కోల్పోవును. పనిచేసినను ఎండ కాసినను చెమట దీనికి తోడగును. మనము పీల్చు ప్రాణవాయువు కంటె విడుచు బొగ్గుపులుసు వాయువు రోజు మొత్తము మీద నూరు గ్రాములకు పైగా హెచ్చు తూగును. ఆ నూరు గ్రాములలో నున్నది మనము కాల్చిన అన్నమునందలి కర్బనము. ఒకని క్రొవ్వు కరగినదనగా అది చాలవరకు ముక్కుద్వారముననే బయటికి పోయినదని అర్థము. సాంటోరియో కుర్చీ దీనిని సరిగనే పట్టినది, పేరు మాత్రము తప్పు పెట్టినది. ఆయన గ్రంథమున మరియొక లోపము కలదు, ఇది మరింత పెద్దది. దినచర్యల పట్టికలు వేటిని ప్రకటింపలేదు. ముప్పదేండ్ల అంకెల స్థానమున మనకు దక్కినవి సూత్రములే.

ఆ సూత్రములలో తక్కువ పేరు పొందినది ఒకటి కలదు. దానిని చదివినప్పుడే ఆయన ఎంత ఓపికతో త్రాసును చూచెనో తెలియును. మితముగా భుజించు ఆరోగ్యవంతుడగు పురుషుడు నెల నెలయు తన మామూలు బరువు కంటె ఒకటి రెండు పౌనులు హెచ్చుననియు, నెల చివరకు మూత్రము కొంచెము అధికముగ పోయి మరల మొదటి బరువునకు వచ్చుననియు, స్త్రీల విషయమున జరుగునట్లే ఇదియు జరుగుననియు ఆయన వ్రాసెను. పురుషునకు నెలసరి క్రమము కలదను మాటను నేటి శాస్త్రము అంగీకరింపదు. కాని తిండి మారకయే బరువు పెరుగుట, కొన్ని వారములు నిలుచుట, ఒకనాడు నీరుగా దిగిపోవుట అనునవి ఆయన కల్పనలు కావు. స్త్రీలయందు నెలసరికి ముందు దినములలో నీరు నిలిచి బరువు హెచ్చుట సామాన్యము. ఇది నేడు త్రాసు నెక్కి కంటనీరు పెట్టుకొను ప్రతి ఇల్లాలికిని పనికివచ్చు వార్త.

ఇచ్చట కొంత లెక్క చూడవలసి యున్నది. దేహమందలి క్రొవ్వుకండ ఒక కిలో కరగుటకు సుమారు 7,700 కెలోరీల లోటు కావలెను. ఒకడు తన అవసరమునకు రోజునకు 500 కెలోరీలు తక్కువ తినినాడనుకొందము. వాని క్రొవ్వు ఆ రోజున తగ్గునది 65 గ్రాములు. అదే రోజున వాడు రెండు గ్లాసుల మంచినీళ్లు త్రాగి త్రాసెక్కినచో అర కిలో హెచ్చును. విందులో ఊరగాయలు, అప్పడాలు, వడియాలు దండిగా తినినచో ఆ ఉప్పు వెలుపలికి పోవువరకు నీటిని పట్టి యుంచును. తొమ్మిది గ్రాముల ఉప్పు దేహమున నిలిచిన యెడల దానితో సుమారు లీటరు నీరు నిలువవలసినదే. కాలేయమందును కండరములందును నిలువయుండు పిండిపదార్థము, ప్రతి గ్రామునకు మూడు గ్రాముల మేర నీటిని కూర్చుకొని యుండును. పథ్యము మొదలుపెట్టిన మొదటి వారమున ఆ నిలువ తరిగి, నీరు వెలువడి, రెండు కిలోలు దిగుటయు, ఒక పండుగనాటి పులిహోర బూరెలతో అది మరల ఎక్కుటయు ఇందువలననే. అరువదైదు గ్రాముల నిజమును వెదకువాడు కిలోకు తక్కువగాని నీటి అలల నడుమ వెదకుచున్నాడు. ఒక ఉదయపు అంకె వానికేమి చెప్పగలదు? పది ఉదయముల సగటు కొంత చెప్పును. ప్రతిదినము ఒకే వేళ, పరగడుపున, మలమూత్ర విసర్జన పిదప తూచుకొనుమని నేటి వైద్యులు చెప్పుటకు కారణమిదే. సాంటోరియో ఒక్కనాటితో తృప్తిపడక ఏండ్ల తరబడి కూర్చుండుటలో ఈ జ్ఞానమున్నది.

బరువు నిలిచిపోవుట వేరొక సంగతి. తేలికపడిన దేహమునకు తేలికైన ఖర్చు చాలును. ఎనుబది కిలోల వానిని నిలిపిన అన్నము డెబ్బది కిలోల వానికి మిగులును. అదిగాక తిండి తక్కువైనప్పుడు దేహము పొదుపు నేర్చును, మనుష్యుడు తనకు తెలియకయే కదలిక తగ్గించును. రెండవ ప్రపంచయుద్ధము ముగియు దినములలో, 1944 నవంబరున, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ముప్పదియారుగురు యువకులతో చేసిన ప్రసిద్ధ పరీక్షలో ఇది స్పష్టపడెను. వారు ఆయుధము పట్టమని ప్రతిజ్ఞ చేసినవారు, స్వచ్ఛందముగ ముందుకు వచ్చినవారు. ఇరువదినాలుగు వారములు అర్ధాకలితో నుండగా వారి బరువు నాలుగవ వంతు తగ్గెను. విశ్రాంతివేళ దేహము చేయు ఖర్చు అంతకంటె హెచ్చు పాలున, సుమారు నూటికి నలువది వంతున, పడిపోయెను. మడమలు వాచి నీరు చేరుటచేత, కండ తరిగినను త్రాసు ఆ తరుగునంతటిని చూపలేదు. బరువు నిలిచినదని తిండి మరింత మానువారు ఈ యువకులను ఒకమారు తలచుకొనుట మేలు.

సాంటోరియో గ్రంథము వెలువడిన మరుసంవత్సరమే, 1615లో, ఫెరారా నగర వైద్యుడు ఇప్పోలితో ఒబీజీ దానిని ఖండించుచు ఒక పుస్తకము ప్రకటించెను. తూనికలోని తప్పులు పట్టియున్న మేలు కలిగియుండెడిది. తూచుటయే వైద్యునకు తగదన్నట్లు ఆయన ఆక్షేపించెను. సాంటోరియో వెంటనే కయ్యమునకు దిగలేదు. ఆయన సమాధానము 1634 ముద్రణలో చేర్చబడెను. పందొమ్మిదేండ్లు జవాబును తూచినాడని నవ్వుకొనవచ్చును. అదే 1615లో ఆయన గెలీలియోకు ఈ గ్రంథమును పంపెను.

విశ్వవిద్యాలయమున ఆయన కాలము సుఖముగ ముగియలేదు. వెనిస్ నగరమున ధనవంతులగు రోగులు ఆయనను విడువరు. పాదువాలో పాఠములు ఆగును. వృత్తి వ్యామోహమున విద్యాదానమును నిర్లక్ష్యము చేయుచున్నాడని విద్యార్థులు నేరము మోపిరి. గురువు రాకున్న శిష్యులు సంతసింతురని లోకుల తలంపు, పాదువాలో మాత్రము అట్లు జరుగలేదు. విచారణలో ఆయన నిర్దోషియని తేలెను. ఐనను 1624లో ఆచార్యపదవిని వదలి వెనిస్ చేరెను. శిష్యుల మాటలో కొంత నిజముండవచ్చును. ఇన్ని యంత్రములు కల్పించి, ఇన్ని సంపుటములు వ్రాసి, త్రాసున కూర్చుండి, రోగులను చూచిన మనుష్యునకు దినమునకు ఎన్ని గడియలున్నవి? ఆయన వివాహమాడలేదు.

చిన్నగ్రంథము మాత్రము పెద్దదేశములు తిరిగెను. లాటినున మరల మరల అచ్చయి, 1676లో ఇంగ్లీషున వెలువడెను. హాలండునందలి బోయర్‌హావె దానిని వైద్యగ్రంథములలో మేటిగా కొనియాడెను. అమెరికాలో చార్లెస్‌టన్ పట్టణ వైద్యుడు జేమ్స్ లైనింగ్ 1740లో మొదలుపెట్టి సంవత్సరము పొడుగున తన్ను తాను తూచుకొని, సాంటోరియో ఇయ్యని పట్టికలను ప్రకటించెను. పారిస్ నగరమున లావొయిజియే, సెగ్విన్ అను మిత్రులు 1790లో మరింత మెళకువ కనబరచిరి. గాలి చొరని పట్టుసంచిలో సెగ్విన్ దూరెను. ఊపిరికి మాత్రము ఒక గొట్టము. సంచితో తూచి, సంచి లేక తూచి, చర్మము విడుచు ఆవిరిని ఊపిరితిత్తులు విడుచు దానినుండి వేరుచేసిరి. ఎంత తినినను, వాతావరణమెట్లున్నను, మనుష్యుడు ఇరువదినాలుగు గంటలలో ఇంచుమించు మొదటి బరువునకే తిరిగివచ్చునని వారును చూచిరి. సాంటోరియో ఆరోగ్యలక్షణముగ చెప్పినది ఇదియే. లావొయిజియే అంతకుముందే లాప్లాస్‌తో కలిసి, 1782-83 చలికాలమున, మంచుపెట్టెలో చిట్టెలుకజాతి జంతువు నుంచి, అది కరగించిన మంచును కొలిచి, శ్వాసయు ఒక దహనమేయని చూపియుండెను. 1794 మే 8వ తేదీన విప్లవకారులు ఆయన శిరస్సు ఖండించిరి. బరువు లెక్క కెలోరీల లెక్కగ మారిన మలుపు అదే. తరువాత శతాబ్ది చివరి దశకమున అమెరికాలో అట్వాటర్, మనుష్యుడు దినముల తరబడి లోపల నుండగల గదిని నిర్మించి, వెడలు వేడిని కొలిచెను. పిండిపదార్థమునకు గ్రాముకు నాలుగు, మాంసకృత్తునకు నాలుగు, క్రొవ్వునకు తొమ్మిది అని నేటి పొట్లములమీద అచ్చువేయు లెక్కకు ఆయన కృషియే మూలము.

వీరెవ్వరును సాంటోరియో చెప్పిన ఒక మాట కడకు పోలేదు. మనుష్యునకు తగిన బరువు ఏది యని ఆయన కొన్ని పౌనుల సంఖ్యను నిర్ణయింపలేదు. ఎత్తైన మెట్ట నెక్కునప్పుడు ఏ బరువుతో నున్నచో తనకు తాను మామూలు కంటె తేలికగా తోచునో అదియే వానికి సరియగు తూకమని వ్రాసెను. ముప్పదేండ్లు కోలను నమ్మినవాడు చివరి తీర్పును కాళ్లకు విడిచినాడు.

సాంటోరియో 1636లో వెనిస్ నగరమున గతించెను. తన ధనములో కొంత ఆ నగరపు వైద్యుల సంఘమునకు వ్రాసియిచ్చెను. ఏటేట ఆయన పేర వారు స్మారకోపన్యాసము జరుపుచుండిరి. సార్పి వసించిన సర్వైట్ సన్న్యాసుల దేవాలయముననే ఆయనను సమాధి చేసిరి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఆ దేవాలయము కూల్చబడినది. అస్థికలను తీయగా, కపాలము పాదువా విశ్వవిద్యాలయము చేరి అచ్చట భద్రపరుపబడినది. ఆయన కూర్చున్న కుర్చీ మాత్రము ఎచ్చటను దొరకలేదు.